అడిగిన ప్రశ్నే జవాబుగా తిరిగి వస్తే: ఆటిజంలో మాటల పునరుక్తి వెనుక ఏముంది

సంక్షిప్తంగా: విన్న మాటను విన్నట్టే తిరిగి పలకడం ఆటిజం ఉన్న పిల్లల్లో తరచుగా కనిపించే లక్షణం. దీనిని వైద్యులు, స్పీచ్ థెరపిస్టులు ఎకోలేలియా అంటారు. ఒకప్పుడు దీన్ని అర్థంలేని అలవాటుగా భావించి మాన్పించేవారు. అందులో చాలా భాగం అడగడానికో, ఒప్పుకోవడానికో, తనను తాను నిలువరించుకోవడానికో పలికినదేనని 1980ల నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. తెలుగు వాక్యనిర్మాణం వల్ల ఈ లక్షణం తెలుగు ఇళ్లలో కొంత ప్రత్యేకమైన రూపంలో వినిపిస్తుంది. దాన్ని ఎదురు మాటగానో వెక్కిరింతగానో పొరబడే ప్రమాదం కూడా అందుకే ఎక్కువ.

"అన్నం తింటావా నాన్నా?" అని తల్లి అడుగుతుంది. నాలుగేళ్ల బాబు తల్లి వైపు చూడకుండా, ఆమె గొంతులోని రాగం కూడా పోకుండా, "అన్నం తింటావా నాన్నా" అంటాడు. తల్లి మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట వస్తుంది. వినికిడి బాగానే ఉంది, ఉచ్చారణ స్పష్టంగా ఉంది, జ్ఞాపకశక్తి పెద్దలను ఆశ్చర్యపరిచేలా ఉంది; ఇన్ని ఉండి కూడా "తింటాను" అన్న ఒక్క మాట ఎందుకు రావడం లేదన్నది ఆ ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు. పలకడం, అర్థం చేసుకోవడం, బదులివ్వడం అనే మూడూ ఒకే పని అనుకోవడం వల్లనే ఈ తికమక కలుగుతుంది. నిజానికి అవి మూడు వేరువేరు పనులు. ఎకోలేలియాలో మొదటిది మిగతా రెండింటికన్నా బాగా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

పేరు, రకాలు

గ్రీకు పురాణగాథలో ఎదుటివారి చివరి మాటలను తిరిగి పలకడం తప్ప సొంతంగా నోరు విప్పలేని శాపానికి గురైన ఎకో అనే వనదేవత ఉంది. ఆమె పేరుకు మాట్లాడటం అనే అర్థమున్న గ్రీకు పదం చేరి ఈ పేరు ఏర్పడింది. ఇది ఆటిజానికే పరిమితమైన మాట కాదు. ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ 1885లో తన పేరుతో ప్రసిద్ధమైన వ్యాధిని వర్ణించినప్పుడు కూడా ఈ లక్షణాన్ని ప్రస్తావించాడు. పక్షవాతం వల్ల భాషా కేంద్రాలు దెబ్బతిన్నవారిలో, మతిమరుపు వ్యాధి ముదిరినవారిలో, పుట్టుకతో చూపులేని కొందరు పిల్లల్లో సైతం ఇది కనిపిస్తుంది. పెద్ద వయసులో హఠాత్తుగా మొదలైతే దానికీ ఆటిజానికీ సంబంధం లేదు. అది వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన సంగతి.

ఆటిజంలో కనిపించే పునరుక్తి ప్రధానంగా రెండు విధాలు. విన్న క్షణంలోనే, లేదా ఒకటి రెండు మాటల వ్యవధిలో తిరిగి పలికేది మొదటిది. ఎప్పుడో విన్న మాటను గంటలకో, నెలలకో, ఏళ్లకో పలికేది రెండవది. టీవీ ప్రకటనలోని ముక్క, రైల్వే స్టేషన్‌లో వినిపించే "దయచేసి వినండి", గత ఏడాది డాక్టరు గదిలో నర్సు అన్న మాట వంటివన్నీ ఈ రెండవ కోవలోకి వస్తాయి. ఈ రెండింటిలోనూ, విన్నదానిలో ఒక ముక్క మార్చి పలికే స్థితి ఒకటుంది. బయటికి చిన్నదిగా కనిపించే ఈ మార్పు భాష ఎదుగుదలకు సంబంధించి చాలా విలువైన ఆనవాలు.

మామూలుగా ఎదిగే పిల్లలూ మాట నేర్చే దశలో విన్నది తిరిగి పలుకుతారు. సొంత వాక్యాలు పెరిగే కొద్దీ, దాదాపు రెండున్నర ఏళ్లు దాటేసరికి అది బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఏడాదిన్నర పాప అమ్మ మాటను అప్పజెబితే అందులో కంగారుపడవలసినది లేదు. మూడేళ్లు దాటాక కూడా మాటల్లో అధిక భాగం అరువు మాటలే అయి, వాటితోపాటు పిలిస్తే పలకకపోవడం, వేలు చూపి అడగకపోవడం, ఆటలో తోటి పిల్లలతో కలవకపోవడం వంటివి ఉన్నప్పుడు పరీక్ష అవసరమవుతుంది. పునరుక్తి ఒక్కటే ఆటిజాన్ని నిర్ధారించదు. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణ గ్రంథం డీఎస్‌ఎం-5 కూడా దీన్ని పునరావృత ప్రవర్తనల విభాగంలో ఒక ఉదాహరణగానే పేర్కొంది.

సాస్‌పాన్, బాల్కనీ

ఈ లక్షణాన్ని ఆటిజంతో ముడిపెట్టి మొదట సవివరంగా రాసినవాడు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పనిచేసిన పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్. 1943లో ఆయన 11 మంది పిల్లల గురించి ప్రచురించిన వ్యాసంలో డోనాల్డ్ అనే అబ్బాయి ఉన్నాడు. "అవును" అంటే భుజాల మీదికి ఎక్కించుకుంటానని తండ్రి అతనికి చెప్పాడు. ఆ తరువాత ఆ అబ్బాయికి "అవును" అన్న మాట అంగీకారాన్ని కాక, నాన్న భుజాల మీదికి ఎక్కాలన్న కోరికను మాత్రమే సూచించే మాటగా మిగిలింది.

1946లో కానర్ రాసిన మరో వ్యాసం ఇంకా ముఖ్యమైనది. అందులోని పాల్ అనే అయిదేళ్ల బాబు క్లినిక్‌లో ఉన్నట్టుండి "కుక్కను బాల్కనీలోంచి పారేయకు" అన్నాడు. చుట్టుపక్కల కుక్కా లేదు, బాల్కనీ లేదు. తల్లిని అడిగితే అసలు విషయం బయటపడింది. మూడేళ్ల క్రితం లండన్ హోటల్లో అతను బొమ్మ కుక్కను బాల్కనీలోంచి పదేపదే విసిరేస్తుంటే, తెచ్చి తెచ్చి విసిగిపోయిన తల్లి ఆ మాట అన్నది. అప్పటినుంచి ఏదైనా విసిరేయాలనిపించినప్పుడల్లా ఆ మాటతోనే తనను తాను ఆపుకుంటున్నాడు. అదే బాబు సాస్‌పాన్ లాంటి గిన్నె కనబడితే "పీటర్ ఈటర్" అనేవాడు. అతనికి రెండేళ్లప్పుడు వంటింట్లో తల్లి ఆ మాటలున్న పిల్లల పాట పాడుతూ చేతిలోని గిన్నె జారవిడిచింది. పాట, గిన్నె, చప్పుడు మూడూ ఒకే ముద్దగా అతని జ్ఞాపకంలో అతుక్కుపోయాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. రెండు మాటలకూ అర్థం ఉంది, కానీ ఆ అర్థం నిఘంటువులో లేదు. ఆ బిడ్డ అనుభవంలో మాత్రమే ఉంది. దానికి తాళంచెవి తల్లి దగ్గర ఉంది. తల్లిని అడగని వైద్యుడికి అవి పిచ్చి మాటలుగానే మిగిలిపోయేవి.

తెలుగులో ఒక్క అచ్చు దూరం

ఎకోలేలియా గురించి ఉన్న పరిశోధనలో అధిక భాగం ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మీద జరిగింది. ఇంగ్లీషులో అవును-కాదు ప్రశ్నకు జవాబుగా ప్రత్యేకమైన మాట ఉంది. ప్రశ్నను తిరిగి పలికితే అది జవాబుకు ఎంతో దూరంలో, కొట్టొచ్చినట్టు వినబడుతుంది. తెలుగులో పరిస్థితి వేరు. "నీళ్లు కావాలా?" అంటే "ఆఁ" అనవచ్చు గానీ, "కావాలి" అని క్రియనే తిరిగి చెప్పడం మన భాషలో సర్వసాధారణమైన జవాబు. అంటే ప్రశ్నలోని మాటను పునరుక్తి చేయడం తెలుగులో తప్పు కాదు, పద్ధతి. "కావాలా" అన్న పునరుక్తికీ "కావాలి" అన్న సరైన జవాబుకూ మధ్య ఉన్నది ఒక్క అచ్చు మాత్రమే.

ఆ ఒక్క అచ్చులో రెండు పనులు దాగి ఉన్నాయి: ఎదుటివారు అడుగుతున్నారని గుర్తించడం, ఆ అడగడాన్ని తీసివేసి మాటను తనదిగా చేసుకోవడం. "తింటావా" వంటి క్రియలో మూడో పని కూడా చేరుతుంది. ప్రశ్నార్థకమైన "ఆ" పోవాలి, ఎదుటివారిని సూచించే "వు" పోయి తనను సూచించే "ను" రావాలి. కానర్ కాలం నుంచి ఇంగ్లీషు వ్యాసాల్లో "నేను", "నువ్వు" తారుమారు కావడం అని వర్ణించిన లక్షణం తెలుగులో సర్వనామం కన్నా క్రియ చివరనే ఎక్కువగా బయటపడుతుంది, ఎందుకంటే తెలుగులో "నేను", "నువ్వు" చెప్పకుండానే వాక్యం నడుస్తుంది. దాహం వేసిన పిల్లవాడు వంటింట్లోకి వచ్చి "నీళ్లు తాగుతావా" అంటే, అతను ఎవరికీ నీళ్లు ఇవ్వజూపడం లేదు. నీళ్లు వచ్చిన ప్రతిసారీ వాటికి ముందు వినిపించిన మాట అదే కాబట్టి, నీళ్లు రప్పించే మాట అదేనని నేర్చుకున్నాడు.

పిలుపుల్లో ఈ తారుమారు మరింత చిక్కుపడుతుంది. తెలుగు ఇళ్లలో కొడుకును "నాన్నా" అని, కూతురిని "అమ్మా", "తల్లీ" అని పిలవడం మామూలు. "రా నాన్నా" అన్న తల్లి మాటను బాబు తిరిగి పలికితే, తల్లినే "నాన్నా" అన్నట్టు అవుతుంది. మర్యాద విషయంలో ఇంకొక ఇబ్బంది ఉంది. "నీ పేరేంటి?" అని టీచరు అడిగితే పిల్లవాడు ఆమె గొంతుతోనే "నీ పేరేంటి" అంటాడు. ఇంగ్లీషు తరగతిలో ఇది వింతగా వినబడి ఊరుకుంటుంది. తెలుగు తరగతిలో మాత్రం పెద్దలను "నీ" అన్న ఏకవచనం వల్ల పొగరుగా, వెక్కిరింతగా వినబడుతుంది. శిక్ష పడవలసిన తప్పు అక్కడ జరగలేదు. అయినా శిక్ష పడే అవకాశం ఎక్కువ.

లోపల జరిగేది

వాక్యం వినగానే చాలామంది మెదళ్లు అర్థాన్ని ఉంచుకుని శబ్దాన్ని వదిలేస్తాయి. నిన్న పక్కింటావిడ చెప్పిన సంగతి గుర్తుంటుంది గానీ ఆమె వాడిన మాటలు అక్షరం అక్షరం గుర్తుండవు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో శబ్దాన్ని పట్టి ఉంచే శక్తి బలంగా ఉండి, దాన్ని విడగొట్టి అర్థం తీసే ప్రక్రియ నెమ్మదిగా సాగుతుంది. అందువల్ల మాట ముక్కలుగా కాక ముద్దగా, రాగంతో, యాసతో, ఒక్కోసారి పక్కన వినబడిన దగ్గుతో సహా నిలిచిపోతుంది. "దయచేసి వినండి" అన్నది రెండు పదాలని ఆ బిడ్డకు తెలియకపోవచ్చు. అది ప్రయాణం అనే మొత్తం అనుభవానికి ఒకే పేరు.

అర్థం కానప్పుడే పునరుక్తి పెరుగుతుందన్నదానికి గట్టి ఆధారాలున్నాయి. 1975లో ఎడ్వర్డ్ కార్, లారా ష్రైబ్‌మన్, ఈవార్ లోవాస్ ప్రచురించిన ప్రయోగంలో, తమకు తెలిసిన ఆదేశాలకు పిల్లలు సరిగ్గా స్పందించారు. అర్థంలేని కల్పిత వాక్యాలను మాత్రం తిరిగి పలికారు. 1978లో ష్రైబ్‌మన్, కార్ మరొక అడుగు వేశారు. జవాబు తెలియని ప్రశ్నలకు "నాకు తెలియదు" అనడం నేర్పితే, నేర్పని కొత్త ప్రశ్నల దగ్గర కూడా పునరుక్తి తగ్గింది. వంతు వచ్చిందని పిల్లలకు తెలుసు, ఆ వంతులో పెట్టడానికి మాట లేదు, అందుకే చేతికి దొరికిన మాటను పెట్టారు. కథ వింటున్నవారు ఊ కొట్టడంలోనూ ఇలాంటి పనే కొంత ఉంది: కొత్త సంగతి ఏదీ చెప్పకపోయినా, వింటున్నామని, సంభాషణలో ఉన్నామని తెలియజేయడం.

అన్ని పునరుక్తులకూ ఇదొక్కటే కారణం కాదు. 1981లో బ్యారీ ప్రైజాంట్, జూడిత్ డూకన్ నలుగురు పిల్లల నుంచి సేకరించిన 1009 తక్షణ పునరుక్తులను చూపు, సైగ, ముందు వెనుకల సందర్భంతో కలిపి విశ్లేషించి ఏడు రకాల ఉపయోగాలను గుర్తించారు. వంతు నిలుపుకోవడం, అవుననడం, అడగడం, చేస్తున్న పనిని తనకు తాను చెప్పుకోవడం వాటిలో ఉన్నాయి. ఆలస్యంగా వచ్చే పునరుక్తుల్లో 14 రకాలున్నాయని 1984లో ప్రైజాంట్, ప్యాట్రిక్ రైడెల్ రాశారు. ఆందోళన పెరిగినప్పుడు పరిచయమైన మాటను పదేపదే అనడం వల్ల మనసు కుదుటపడుతుందని ఆటిజం ఉన్న పెద్దవారు అనేకులు స్వయంగా చెబుతారు. చక్కగా మాట్లాడగలిగే వయోజనులు సైతం అలసిపోయినప్పుడు పాత మాటల మీదికి వెళ్లడం ఉంది.

మాన్పించాలా, మలచాలా

1960, 70లలో లోవాస్ తదితరుల ప్రవర్తనా చికిత్సలో పునరుక్తిని ఎక్కువగా తనకు తాను కలిగించుకునే ఉద్దీపనగా, నేర్చుకోవడానికి అడ్డుపడే అలవాటుగా చూశారు. దాన్ని తగ్గించడమే లక్ష్యమైంది. ప్రైజాంట్ వర్గీకరణలు వచ్చాక ఈ చూపు మారింది. ఒక బిడ్డ "అవును" అనడానికి వాడుకుంటున్న ఒకే ఒక్క సాధనాన్ని, బదులుగా ఇంకొకటి ఇవ్వకుండా తీసేస్తే ఏం మిగులుతుందన్న ప్రశ్నకు పాత పద్ధతి దగ్గర జవాబు లేదు. 2014లో లారా స్టెర్పోనీ, జెన్నిఫర్ షాంకీ ఒక బాబు సంభాషణలను సూక్ష్మంగా పరిశీలించినప్పుడు, తిరిగి పలికే మాటలో స్వరాన్ని, ఊనికను మార్చడం ద్వారా అతను కొత్త అర్థాలను సాధిస్తున్నట్టు కనిపించింది.

ఇటీవల సామాజిక మాధ్యమాల్లో లోలకం రెండో చివరకు వెళ్లినట్టు కనిపిస్తోంది. పిల్లల్లో కొందరు విడి పదాలతో కాక పెద్ద ముద్దలతో భాష మొదలుపెడతారని ఆన్ పీటర్స్ 1970, 80లలో రాసిన ఆలోచనను ఆధారం చేసుకుని, మార్జ్ బ్లాంక్ 2012లో ఆటిజం పిల్లల కోసం దశలవారీ విధానాన్ని ప్రతిపాదించారు. "గెస్టాల్ట్ లాంగ్వేజ్" అనే పేరుతో ఇది వీడియోల ద్వారా, కోర్సుల ద్వారా తల్లిదండ్రులకు విస్తృతంగా చేరుతోంది. పునరుక్తిని గౌరవించాలన్న దాని మూల భావన మంచిదే. కానీ ఆ దశల వరుస నిజమేనని, ఆ పద్ధతి ఫలితమిస్తుందని చూపే నియంత్రిత అధ్యయనాలు లేవని 2024లో వెలువడిన సమీక్షలు ఎత్తిచూపాయి. అంతకుముందే, 1990లో, హెలెన్ టేగర్-ఫ్లస్‌బర్గ్, సూజన్ కాల్కిన్స్ చేసిన అధ్యయనంలో పిల్లలు అనుకరించిన వాక్యాలు వారి సొంత వాక్యాలకన్నా వ్యాకరణపరంగా ముందున్నట్టు తేలలేదు. అంటే పునరుక్తి సంభాషణకు ఉపయోగపడుతుందన్నది ఒక సంగతి, దానంతటదే వ్యాకరణాన్ని నేర్పుతుందన్నది వేరే సంగతి. మొదటిదానికి ఆధారం ఉంది కాబట్టి రెండవదీ నిజమేనని నమ్మి, పదాలు, సైగలు, బొమ్మల కార్డుల ద్వారా నేర్పే అవకాశాన్ని వదులుకోవడం పొరపాటు అవుతుంది.

ఎక్కడ నష్టం జరుగుతుంది

పునరుక్తిని తప్పుగా చదవడం రెండు దిక్కులా నష్టమే. టీవీ ప్రకటన మొత్తం అప్పజెప్పే బిడ్డకు భాష పూర్తిగా వచ్చినట్టు పొరబడి, అర్థం కాని సూచనలు ఇచ్చి, పాటించకపోతే మొండితనం అనుకోవడం ఒక దిక్కు. బహుశా మన ప్రాంతంలో ఇదే ఎక్కువ. ఎక్కాలు, పద్యాలు వల్లె వేయడాన్ని తెలివికి కొలతగా భావించే వాతావరణంలో, అన్నీ కంఠతా చెప్పే పిల్లవాడి గురించి ఆందోళన ఆలస్యంగా మొదలవుతుంది. రెండో దిక్కు, పలికేదంతా అర్థంలేనిదని తీర్మానించి అసలు వినడమే మానేయడం.

ఆసుపత్రిలో ఈ పొరపాటు ప్రమాదకరం. "కడుపు నొప్పిగా ఉందా?" అంటే "నొప్పిగా ఉందా" అని బదులొస్తుంది, తలనొప్పి గురించి అడిగినా అలాగే వస్తుంది. ఆ మాటను అవునుగానూ తీసుకోలేం, కాదుగానూ తీసుకోలేం. రెండింటిలో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నలోనూ ఉచ్చు ఉంది. "పాలా, నీళ్లా?" అంటే చాలామంది పిల్లలు చివర విన్న "నీళ్లా"నే పలుకుతారు. క్రమం మార్చి "నీళ్లా, పాలా?" అని అడిగి చూస్తే అది ఎంపికో, ప్రతిధ్వనో తేలిపోతుంది. రెండు గ్లాసులూ ఎదురుగా పెట్టి చెయ్యి ఎటు వెళ్తుందో చూడటం ఇంకా నమ్మకమైన పద్ధతి.

మరొక నష్టం రెండు భాషల ఇళ్లలో జరుగుతోంది. ఫోనులో, టీవీలో చూసిన ఇంగ్లీషు వీడియోల మాటలను అదే అమెరికా యాసతో తిరిగి పలికే పిల్లలు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, డల్లాస్‌లోని తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. అది చూసి పిల్లవాడికి ఇంగ్లీషే వస్తుందని తీర్మానించి, తెలుగు మానేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చేవారున్నారు. రెండు భాషల మధ్య పెరగడం ఆటిజం పిల్లల భాషకు అదనపు జాప్యం కలిగించడం లేదని 2012లో కేథరిన్ హాంబ్లీ, ఎరిక్ ఫాంబోన్ అధ్యయనం చూపింది. పైగా, అరువు తెచ్చుకున్న మాటకు అర్థం అతుక్కునేది ఆ మాటను నిజ సందర్భంలో వాడే మనుషుల మధ్యనే. అమ్మమ్మ తెలుగులో మాట్లాడే ఇంట్లో ఆ భాషను తీసేస్తే తగ్గేది భారం కాదు, మాట్లాడే మనుషులు.

ఇంట్లో, పరీక్షలో

పునరుక్తిని దృష్టిలో పెట్టుకుని థెరపిస్టులు తరచుగా చెప్పే మార్పు, ప్రశ్నలు తగ్గించి వాక్యాన్ని బిడ్డ నోటికి సరిపడేలా అందించడం. "నీళ్లు కావాలా?" బదులు గ్లాసు చూపి "నీళ్లు కావాలి" అని, కాస్త ఆగి చూడాలి. బిడ్డ దాన్ని తిరిగి పలికినా అది సరైన వాక్యమే అవుతుంది. ఇక్కడ తెలుగులో ఉన్న సౌకర్యం ఏమిటంటే, "కావాలి", "వద్దు", "వచ్చు", "చాలు" వంటి మాటలు ఎవరు పలికినా మారవు. నేను-నువ్వు చిక్కు వాటిలో లేదు. మొదట నేర్పడానికి అవే అనువైనవి. "తింటాను", "వెళ్తాను" వంటివి తరువాత రావచ్చు. ఆగి చూడటం కూడా నేర్పడంలో భాగమే, ఎందుకంటే ప్రశ్న మీద ప్రశ్న వేస్తే పునరుక్తి పెరుగుతుంది.

అధికారిక పరీక్షలోనూ ఈ లక్షణానికి చోటుంది. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) రూపొందించిన భారతీయ ఆటిజం అంచనా స్కేలు ఐసాలో 40 అంశాలున్నాయి. వాటిలో ఎకోలేలియా ఒకటి, సర్వనామాల తారుమారు మరొకటి. ఒక్కొక్క అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు పడతాయి. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం స్వల్పమా, ఓ మోస్తరా, తీవ్రమా అన్నది మార్కులను బట్టి నిర్ణయిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది కాబట్టి, ధ్రువపత్రానికి ఈ మార్కులు ఒక ఆధారం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు మొదటి పరీక్షకు దగ్గరి చోటు.

ఆ గదిలో బిడ్డ ఉండేది అరగంటో, గంటో. అక్కడ వినిపించే నాలుగు మాటల కన్నా, ఇంట్లో రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో రాసుకున్న వివరాలు పరీక్షకులకు ఎక్కువ ఉపయోగపడతాయి: ఏ మాట, ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఆ మాట మొదట ఎవరి నోట విన్నాడు, పలికాక ఏది అందితే శాంతించాడు. "దయచేసి వినండి" అన్న మాట పక్కన "చెప్పులు తొడుక్కుంటున్నప్పుడు" అని మూడు రోజులు వరుసగా రాసి ఉంటే, ఆ బిడ్డ బయటికి తీసుకువెళ్లమని అడుగుతున్నాడని ఎవరైనా చదవగలరు.